ఓడిపోయే అవకాశం

"వాళ్ళకి ఓడిపోయే అవకాశమైనా ఇవ్వలేదు కదమ్మా" అని మా అబ్బాయి నాతో అన్నది 2023 డిసెంబరు 3వ తేదీ, ఆదివారం మధ్యాహ్నం. అప్పటికి వాడికి పదకొండేళ్ళు. ఆ మాటకు అప్పటికప్పుడు నేనొక జవాబు చెప్పాను. అది తప్పని తెలియడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. సరైన జవాబేమిటో రెండేళ్ళు గడిచినా తేల్చుకోలేకపోతున్నాను కనుక, ఇలాంటి ప్రశ్నలు వేసే పిల్లలున్న మరికొందరు తల్లిదండ్రులతో చెప్పుకుంటే నయమనిపించి ఇది రాస్తున్నాను.

వాడు బాధపడింది, మేముండే ఈ అమెరికాలో కాలేజీ కుర్రవాళ్ళు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు గురించి. ఆ ఏడాది ఆగస్టులో మా పెద్దమ్మాయి చదువు కోసం ఆ యూనివర్సిటీ ఉన్న టాలహాసీ వెళ్ళింది. అక్క లేని ఇంట్లో వాడు మొదటి వారం సరిగా అన్నం తినలేదు. తరువాత శనివారాలు అక్కకు ఫోను కలిపి, అక్కడ ఆమె స్టేడియంలో, ఇక్కడ వాడు టీవీ ముందు, ఇద్దరూ ఒకే ఆట చూడడం మొదలుపెట్టారు. ఆ జట్టు గెలిచిన ప్రతి వారం అక్క ఇంటికి వచ్చి వెళ్ళినట్టే ఉండేది వాడికి. జట్టు కూడా వాడి ఆశను వమ్ము చేయలేదు. సెప్టెంబరు 3న ఒర్లాండోలో ఎల్‌ఎస్‌యూను (లూసియానా స్టేట్ యూనివర్సిటీని) 45-24తో ఓడించిన నాటి నుంచి, డిసెంబరు 2న షార్లెట్‌లో లూయివిల్‌ను 16-6తో ఓడించి తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి, అంటే కాన్ఫరెన్స్, అయిన ఏసీసీకి విజేతగా నిలిచేదాకా, పదమూడు ఆటలు ఆడి పదమూడూ గెలిచింది.

మరునాడు టెక్సస్‌లోని గ్రేప్‌వైన్‌లో సమావేశమైన పదమూడు మంది సభ్యుల ఎంపిక కమిటీ, జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో ఆడే నాలుగు జట్లుగా మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామాలను ప్రకటించింది. ఫ్లోరిడా స్టేట్‌కు ఐదో స్థానం ఇచ్చింది. పెద్ద కాన్ఫరెన్స్‌లలో ఒకదాన్ని ఒక్క ఓటమీ లేకుండా గెలిచిన జట్టును పక్కన పెట్టడం, నాలుగు జట్ల ప్లేఆఫ్ మొదలైన 2014 తరువాత అదే మొదటిసారి. అలబామా సెప్టెంబరులో సొంత మైదానంలోనే టెక్సస్ చేతిలో 34-24తో ఓడింది. నవంబరు చివర ఆబర్న్ మీద, గోల్ గీతకు ముప్పై ఒక్క గజాల దూరంలో, చివరిదైన నాలుగో ప్రయత్నంలో, నిమిషం కూడా మిగలని వేళ విసిరిన ఒక్క బంతితో గట్టెక్కింది. అయితే అంతకు ముందు వరుసగా ఇరవై తొమ్మిది ఆటలు గెలిచి, రెండేళ్ళుగా జాతీయ విజేతగా ఉన్న జార్జియాను డిసెంబరు 2న 27-24తో ఓడించింది కనుక కమిటీకి అది గట్టి జట్టుగా కనిపించింది. ఫ్లోరిడా స్టేట్ బలహీనంగా కనిపించడానికి కారణం ఒక కుర్రవాడి కాలు.

ఆ కాలు విరిగిన శనివారాన్ని మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేరు. నవంబరు 18 సాయంత్రం నార్త్ అలబామాతో జరిగిన ఆట మొదటి భాగంలోనే, బంతి విసురుతూ జట్టు ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్ కాలు మెలికపడి విరిగింది. ఫోనులో అక్క ఏడుస్తోంది, ఇక్కడ వీడు ఏడుస్తున్నాడు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు, ఎలాగూ తెల్లవారుజామున మూడున్నరకు అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ మొదలవుతుంది. వరుసగా పది మ్యాచ్‌లు గెలిచిన మన జట్టు 240 పరుగులకు ఆలౌట్ కావడం, ట్రావిస్ హెడ్ 137 పరుగులతో ఆ ఆశను కూడా తీసుకుపోవడం మేం కళ్ళు ఎర్రబడేదాకా చూశాం. ఒకే రాత్రిలో ఒక ట్రావిస్ కూలిపోయినందుకు, ఇంకొక ట్రావిస్ నిలబడినందుకు వాడు రెండుసార్లు ఏడ్చాడు.

అందుకే రెండు వారాల తరువాత కమిటీ నిర్ణయం విన్నప్పుడు వాడు వేసిన ప్రశ్నలన్నీ క్రికెట్ నుంచే వచ్చాయి. "హార్దిక్‌కి పుణేలో చీలమండ దెబ్బ తగిలితే ఇండియాని సెమీఫైనల్‌లోంచి తీసేశారా? హార్దిక్ లేడనే కదా షమీ వచ్చాడు, షమీకే కదా అందరికంటే ఎక్కువ వికెట్లు వచ్చాయి? ఎవరికి దెబ్బ తగిలితే ఏమవుతుందో ముందే ఎలా తెలుస్తుంది?" అని అడిగి, కాసేపాగి, ఇండియా ఫైనల్‌లో ఓడిందని తాతయ్య అన్ని రోజులు బాధపడ్డారు కానీ, కనీసం ఓడిపోవడానికి వాళ్ళని మైదానంలోకి రానిచ్చారని, వీళ్ళని అది కూడా చేయనివ్వలేదని అన్నాడు.

నేను చెప్పిన జవాబు ఇది: "పెద్దవాళ్ళు అన్నీ చూసే నిర్ణయిస్తారు నాన్నా. వచ్చే ఏడాది ఇంకా కష్టపడితే వస్తుందిలే." వాడు నన్ను వింతగా చూశాడు. "పదమూడుకి పదమూడు గెలిచాక ఇంకేం కష్టపడాలి?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు తగలవలసినంతగా తగలలేదు అప్పుడు. ఎందుకంటే వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మాట నేర్పింది నేనే. నీ రంగు, నీ పేరు, నీ యాస ఎవరికి నచ్చినా నచ్చకపోయినా నూటికి నూరు తెచ్చుకున్న కాగితాన్ని ఎవరూ కాదనలేరు అని, లెక్కల పరీక్షకు ముందు, వయొలిన్ పరీక్షకు ముందు, ఈత పోటీకి ముందు చెబుతూనే వచ్చాను. మన పిల్లలకు ఈ దేశంలో ఇవ్వగలిగిన ఆస్తి ఈ నమ్మకమొక్కటే అనుకున్నాను. ఆ ఆదివారం వాడు నా ఆస్తినే నా ముందు పెట్టి లెక్క అడిగితే, నేను కమిటీ పక్షాన నిలబడ్డాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాదనలో నెగ్గాలన్న పంతం నాది. ఆ వారమంతా వాడు పడుకున్నాక కూర్చుని ఈ ఆట చరిత్ర చదివాను. చదివేకొద్దీ ఆసక్తి పెరిగిన మాట నిజం. ఈ ఆటలో పుట్టుకతో వచ్చిన చిక్కు ఒకటుంది. జట్లు నూట ముప్పైకి పైగా, ఒక్కొక్కటి ఆడేది ఏడాదికి పన్నెండో పదమూడో ఆటలు. అందరూ అందరితో ఆడి తేల్చుకునే వీలు లేదు. అందుకని దశాబ్దాల పాటు పత్రికలవాళ్ళూ కోచ్‌లూ ఓట్లు వేసి జాతీయ విజేతను తేల్చేవారు. బౌల్ ఆటలకూ విజేతను తేల్చే పనికీ మొదట్లో సంబంధమే లేదు. 1902లో పాసడీనాలో కొత్త సంవత్సరం నాటి గులాబీల ఉత్సవానికి జనాన్ని రప్పించడానికి ఆట పెడితే, మిషిగన్ జట్టు స్టాన్‌ఫర్డ్‌ను 49-0తో చిత్తు చేసింది. ఆ ఏకపక్షపు ఆట చూసి మళ్ళీ 1916 దాకా నిర్వాహకులు ఫుట్‌బాల్ జోలికి పోకుండా రథాల పందేల వంటివి పెట్టుకున్నారు. 1930లలో ఆరెంజ్, షుగర్, కాటన్ బౌల్‌లు వచ్చాయి. చలికాలంలో ఉత్తరాది జనం ఎండ వెతుక్కుంటూ తమ ఊరికి రావాలన్న ఆశ వాటి వెనుక ఉంది. మంచి ఏడాది గడిపిన జట్టుకు దొరికే ప్రయాణం, పండుగ, సత్కారం, అదీ బౌల్ అంటే. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ కచ్చితంగా పోటీ పెట్టాలని 1998లో ఓట్లనూ కంప్యూటర్ల లెక్కలనూ కలిపి కొత్త పద్ధతి తెచ్చారు. 2014లో దాన్ని నాలుగు జట్ల ప్లేఆఫ్‌గా మార్చారు.

ఈ చదువులో నాకు కావలసిన ఆయుధం దొరికింది. 1993లో ఇదే ఫ్లోరిడా స్టేట్ నవంబరులో నోటర్‌డామ్ చేతిలో 31-24తో ఓడింది. చివరికి రెండింటికీ ఒక్కొక్క ఓటమే మిగిలింది. ఆరెంజ్ బౌల్‌లో నెబ్రాస్కాను 18-16తో ఓడించిన ఫ్లోరిడా స్టేట్‌కే ఓట్లు పడ్డాయి, దాని మొదటి జాతీయ విజయం అదే. 2000లో మయామీ చేతిలో 27-24తో ఓడి కూడా మయామీని దాటుకుని ఫైనల్‌కు వెళ్ళింది ఇదే జట్టు. అక్కడ ఓక్లహోమా చేతిలో 13-2తో ఓడింది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, శనివారం పొద్దున టిఫిన్ దగ్గర వాడి ముందు పెట్టి, "చూశావా, మీవాళ్ళకి మేలు జరిగినప్పుడు ఎవరూ అన్యాయం అనలేదు" అన్నాను. వాడు కాగితం చదివి, దోసె ముక్క నోట్లో పెట్టుకుని, "అయితే అది కూడా తప్పేనమ్మా" అన్నాడు. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పది నిమిషాలు సిద్ధం చేసుకున్న నా తరువాతి వాక్యం నా దగ్గరే ఉండిపోయింది.

డిసెంబరు 30న ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్‌కు జార్జియాతో ఆట. అప్పటికి ఇరవైమందికి పైగా ఆటగాళ్ళు తప్పుకున్నారు. కొందరు వృత్తి ఆటగాళ్ళ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికకు ముందు దెబ్బ తగిలించుకోవడం ఎందుకనుకున్నారు, కొందరు వేరే యూనివర్సిటీలకు మారే ప్రయత్నంలో ఉన్నారు. ప్లేఆఫ్ వచ్చాక బౌల్ సత్కారం కాస్తా ఓదార్పు బహుమతిగా మారింది, దాని కోసం మోకాలు పణం పెట్టడానికి కుర్రవాళ్ళు సిద్ధంగా లేరు. వాళ్ళను తప్పు పట్టలేం. మొదటి సంవత్సరం విద్యార్థి బ్రాక్ గ్లెన్ క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. చివరికి తేలిన అంకెలు 63-3. బౌల్ ఆటల చరిత్రలోనే అంత తేడాతో ఎవరూ ఓడలేదు.

మావారు సగం ఆటకే టీవీ ఆపుదామన్నారు. వాడు ఒప్పుకోలేదు. చివరి నిమిషం దాకా చూశాడు. ఆట ముగిశాక, ఏ తల్లీ అనకూడని మాట నేను అన్నాను: "చూశావా, కమిటీ చేసింది సరైన పనే."

వాడు ఏడవలేదు. నా వైపు తిరిగి, "పదమూడు ఆటలు గెలిచినవాళ్ళు ఇందులో సగం మంది లేరమ్మా. వీళ్ళు ఉన్నవాళ్ళతో వచ్చి ఆడారు. నువ్వు పద్యాల పోటీలో కూడా ఇలాగే చేశావు" అన్నాడు.

ఆ సంగతి చెప్పాలి. దీపావళి సమయంలో మా ఊరి తెలుగు పిల్లలకు శతక పద్యాల పోటీ పెట్టారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకదాన్ని. మా ఊరి నుంచి ఇద్దరిని పై పోటీకి పంపాలి. ఒక అబ్బాయి విషయంలో మాకు భేదాభిప్రాయమే లేదు. రెండో స్థానం దగ్గర చిక్కు వచ్చింది. మా అబ్బాయితో తెలుగు తరగతిలో చదివే ఒక అమ్మాయి, అప్పటికి పదేళ్ళు ఉంటాయేమో, ఇచ్చిన పద్యాలన్నీ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ళకారం, ణకారం, ఒత్తులు, పాదం విరుపు, ఎక్కడా వేలెత్తి చూపడానికి లేదు. కానీ గొంతు చిన్నది, ఆ రోజు జలుబు కూడా చేసింది. ఇంకొక అబ్బాయి రెండుచోట్ల మాట తప్పాడు, అయితే వాడు నోరు విప్పితే హాలంతా ఇటు తిరుగుతుంది. పై పోటీలో మన ఊరి పేరు నిలబెట్టేది ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. వచ్చింది అంటే అబద్ధం, ఆ ప్రశ్న వేసింది నేనే. ఆ అబ్బాయినే పంపాం. వాడు అక్కడ మొదటి బహుమతి తెచ్చాడు కూడా. మన నిర్ణయం ఎంత సరైనదో చూశారా అని తోటి న్యాయనిర్ణేతలకు సందేశం పెట్టాను. ఆ అమ్మాయి తల్లి కనపడితే మాత్రం రెండు నెలలు తలదించుకుని పక్కకు తప్పుకున్నాను. ఇంట్లో భోజనాల దగ్గర నేను ఈ కథంతా గర్వంగా చెప్పినప్పుడు మా అబ్బాయి విన్నాడని, విని దాచుకున్నాడని నాకు తెలియదు.

"మేం పంపిన అబ్బాయి గెలిచాడు కదా" అన్నాను ఆ రాత్రి.

"ఆ అమ్మాయి వెళ్తే ఏమయ్యేదో నీకు తెలియదు కదా" అన్నాడు.

పెద్ద జట్ల చరిత్రంతా ఈ ఒక్క మాటలో ఉందని నాకు తరువాత అర్థమైంది. అలబామా 2011లో సొంత మైదానంలో ఎల్‌ఎస్‌యూ చేతిలో 9-6తో ఓడి, తన కాన్ఫరెన్స్‌లో ఒక సగమైన డివిజన్ కూడా గెలవకుండానే, అదే ఎల్‌ఎస్‌యూతో ఫైనల్ ఆడే అవకాశం పొంది 21-0తో గెలిచింది. 2017లో కూడా డివిజన్ గెలవకుండానే నాలుగో జట్టుగా ప్లేఆఫ్‌లోకి వచ్చి విజేత అయింది. నిక్ సేబన్ శిక్షణలో ఆ జట్టు గెలిచిన ఆరు జాతీయ విజయాల్లో రెండు ఇలా వచ్చాయి. వాళ్ళ గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు, అవకాశం దొరికినప్పుడు గెలిచి చూపించారు. అయితే అదే 2017లో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ జట్టు ఆడిన పదమూడూ గెలిచింది. అలబామాను, జార్జియాను ఓడించిన ఆబర్న్‌ను పీచ్ బౌల్‌లో 34-27తో ఓడించింది. ఫైనల్ మాత్రం అలబామా, జార్జియాల మధ్యే జరిగింది. ఉన్నవాడికి ఊరంతా చుట్టాలే. నెగ్గుతాడనుకున్నవాడికి అవకాశం ఇస్తారు, అవకాశం వచ్చింది కనుక అతడు నెగ్గుతాడు, నెగ్గాడు కనుక మనం అనుకున్నది నిజమని సంతోషిస్తాం. అవకాశం రానివాళ్ళ సంగతి ఎవరి లెక్కలోనూ చేరదు.

ఇది నాకు కొత్త పాఠం కాదు, అదే ఎక్కువ బాధ. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో నేను గుంటూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. వారం వారం పరీక్షలు, మార్కులను బట్టి సెక్షన్లు. ర్యాంకు వస్తుందనుకున్న పిల్లలంతా మొదటి సెక్షన్‌లో, మంచి లెక్చరర్లంతా వాళ్ళకే. నేను జూన్ నుంచి నవంబరు దాకా ఒక్క వారం కూడా ఆ సెక్షన్ దాటి కిందకి రాలేదు. నవంబరులో కామెర్లు వచ్చి మూడు వారాలు ఇంట్లో పడుకుని తిరిగి వెళ్ళేసరికి నా పేరు మూడో సెక్షన్‌లో ఉంది. ఒక్క పరీక్ష రాయనివ్వండి, తక్కువ వస్తే అక్కడే కూర్చుంటాను అని మా నాన్నగారు బతిమాలారు. ఒంట్లో బాగాలేని పిల్లకు ఇక ర్యాంకు రాదండీ, ఆ బెంచీ వచ్చేవాళ్ళకి ఇవ్వాలి కదా అని వాళ్ళు చాలా మర్యాదగానే చెప్పారు. ఎంసెట్‌లో నాకు మోస్తరు ర్యాంకు వచ్చింది. చూశారా, మేం చెప్పామా అని వాళ్ళు అనుకునే ఉంటారు. మొదటి సెక్షన్‌లోనే ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్లలకు నా చదువు గురించి చెప్పిన వందసార్లలో ఒక్కసారి కూడా ఈ భాగం చెప్పలేదు. కష్టపడ్డాను, సాధించాను అనే చెప్పాను.

జోర్డాన్ ట్రావిస్ ఆ డిసెంబరులో ఒక మాట రాశాడు. తన కాలు సీజన్ మొదట్లోనే విరిగి ఉంటే బాగుండేదని, అప్పుడు ఈ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఒక్కడి మీదే నిలబడలేదని అందరికీ తెలిసేదని. తన కాలు విరిగినందుకు తోటివారు నష్టపోయారన్న దిగులుతో, ఇంకా ముందే విరగలేదేమా అని కోరుకున్న ఆ కుర్రవాడి మాట చదివినప్పుడు, కాలేజీ మెట్ల మీద నా ట్రంకుపెట్టె పక్కన నిలబడి, కామెర్లు వేసవిలోనే వచ్చి పోయి ఉండకూడదా అనుకున్న సాయంత్రం నాకు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం నాకు తెలిసి ఉండి కూడా, ఆ జలుబు చేసిన చిన్నపిల్లను మూడో సెక్షన్‌లోకి పంపాను. ఎంత ఆలోచించినా నన్ను నేను క్షమించుకునే దారి దొరకలేదు. జనవరిలో ఆ అమ్మాయి తల్లికి ఫోను చేసి క్షమాపణ అడిగాను. ఆమె మంచి మనిషి, "పిల్లలు మరిచిపోయారండీ" అన్నారు. మరిచిపోరని మా ఇద్దరికీ తెలుసు.

ఇక్కడి దాకా వచ్చాక నేను తోటి తల్లిదండ్రులకు ఒక సలహా చెప్పగలననుకున్నాను: పిల్లలకు ఆట ద్వారా జీవితం నేర్పాలని చూడకండి, వాళ్ళు మన జీవితాన్ని ఆటతో సరిచూస్తారు. లేదా, ఎంపిక చేసే కుర్చీలో కూర్చుంటే జరిగినదాన్నే చూడండి, జరగబోయేదాన్ని ఊహించకండి. ఈ రెండో సలహా మీద నాకు కొన్నాళ్ళు గట్టి నమ్మకం ఉండేది. మా పోటీ నిర్వాహకులతో వాదించి నియమం మార్పించింది కూడా నేనే. ఇప్పుడు తప్పులు మాత్రమే లెక్కపెడతారు, ఒక్క తప్పూ లేనివాళ్ళంతా పై పోటీకి వెళతారు.

కానీ ఆ నమ్మకం కూడా నిలవలేదు. 2024 నుంచి ప్లేఆఫ్‌లో పన్నెండు జట్లు ఆడుతున్నాయి. ఆ మొదటి ఏడాది ఒహాయో స్టేట్ నవంబరు చివర సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. పాత పద్ధతిలో అయితే ఆ ఓటమితోనే దాని కథ ముగిసేది. ఎనిమిదో స్థానంలో ప్లేఆఫ్‌లోకి వచ్చి, వరుసగా నాలుగు గెలిచి, 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డామ్‌ను 34-23తో ఓడించి విజేత అయింది. మొదటి విడత ఆడనవసరం లేకుండా విశ్రాంతి పొందిన నాలుగు జట్లూ తాము ఆడిన మొదటి ఆటలోనే ఓడిపోయాయి. అందరికీ అవకాశం వచ్చింది కదా, ఇప్పుడు సంతోషమేనా అని అడిగితే, "ఓడిపోయినా పరవాలేదంటే మిషిగన్ గెలిచిందానికి విలువేముంది?" అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేదు. మిషిగన్ విద్యార్థులకు ఆ విలువ బాగానే తెలిసి ఉంటుందని తోచింది కానీ, అది వాడి ప్రశ్నకు జవాబు కాదు. ఫ్లోరిడా స్టేట్ అయితే 2024లో పన్నెండు ఆడి రెండే గెలిచింది. ఆ శనివారాల్లోనూ వాడు అక్కకు ఫోను కలపడం మానలేదు.

2025 డిసెంబరులో పది గెలిచి రెండు ఓడిన నోటర్‌డామ్‌ను కమిటీ పక్కన పెట్టి, అన్నే గెలిచి అన్నే ఓడిన మయామీని తీసుకుంది. నోటర్‌డామ్ అలిగి బౌల్ ఆటే వద్దంది. ఐదో జట్టు బాధ పదమూడో జట్టుకు బదిలీ అయిందంతే అనుకుని, మావాడు మళ్ళీ మండిపడతాడని ఎదురుచూశాను. వాడు ప్రశాంతంగా ఉన్నాడు. "ఆగస్టులో మయామీ చేతిలో 27-24తో ఓడారు కదమ్మా. అది మైదానంలో జరిగింది" అన్నాడు. బౌల్ ఆడనన్నందుకు మాత్రం బాధపడ్డాడు. బ్రాక్ గ్లెన్ ఆడాడు కదా అన్నాడు. పదమూడేళ్ళ వాడికి ఒక కొలత ఉంది, అది రెండేళ్ళుగా మారలేదు. నా కొలత ప్రతి డిసెంబరుకూ మారుతోంది.

ఈ సంక్రాంతి పోటీలో మావాడు పాల్గొన్నాడు కనుక నేను న్యాయనిర్ణేతగా ఉండలేదు. వెనుక వరుసలో కూర్చుని విన్నాను. చాలా బాగా చెప్పాడు. వాడి గొంతు ఈ ఏడాదే మారింది, తెనాలి నుంచి అమ్మమ్మ ఫోనులో నేర్పిన విరుపులన్నీ ఆ కొత్త గొంతులో ఎంతో నిండుగా వినిపించాయి. ఆఖరి పద్యంలో ఒకచోట ళకారం లకారమైంది. ముగ్గురు పిల్లలు ఒక్క తప్పూ లేకుండా చెప్పారు. వాళ్ళలో రెండేళ్ళ కిందటి ఆ అమ్మాయి కూడా ఉంది. ముగ్గురినీ పంపుతున్నారు. కారు ఎక్కాక వాడే ముందు మాట్లాడాడు: "అక్కడ ళ పలకాలమ్మా, నాకు తెలుసు, జారిపోయింది" అని కిటికీ అద్దం దించుకున్నాడు. ఇంటికి వచ్చి పులిహోర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

నేను తినలేకపోయాను. ఒక్క అక్షరం. ఆ ముగ్గురిలో ఇద్దరు అప్పజెప్పినట్టు చెప్పారు, అర్థం తెలిసి చెప్పింది వీడొక్కడే. పై పోటీలో నిలబడగలిగేది వీడే. నాలుగో పిల్లవాడిని కూడా తీసుకోవడానికి నియమం అడ్డొస్తే, ఆ నియమం తెచ్చినదాన్ని నేనే కనుక అందులో సడలింపు ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు నాకు ఉండదా? గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి నిర్వాహకురాలి నంబరు తీశాను. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. రింగు అవుతుండగా తలుపు తెరుచుకుంది.

"ఎవరికమ్మా ఫోను?" అన్నాడు.

ఫోను ఆపేసి, "అమ్మమ్మకి, నువ్వెంత బాగా చెప్పావో చెబుదామని" అన్నాను.

అప్పుడు మాకు సాయంత్రం ఐదు గంటలు. తెనాలిలో ఇంకా తెల్లవారలేదని వాడికి తెలుసు.